క్వెంకా బాగుంది, ఏజెంటే ముంచాడు

ఈక్వడార్‌లో రిటైర్ అవుదామని చూస్తున్న మనవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా: ఇంగ్లీషు మాట్లాడే ఏజెంటుకి డబ్బు కట్టి ఇల్లు చూసిపెట్టమని అడగకండి. మావారు డాలస్‌లో కూర్చునే 350 డాలర్లు కట్టేశారు, "అక్కడ మనకి స్పానిష్ రాదు కదా, టెన్షన్ ఉండదు" అని.

గ్వాయాకిల్‌లో విమానం దిగి వ్యాన్‌లో క్వెంకా ఊరికి వెళ్ళాం, మనిషికి 15 డాలర్లు. దారి కాహస్ నేషనల్ పార్క్ మీదుగా 4,000 మీటర్లు దాటి ఎక్కి మళ్ళీ దిగుతుంది, నాకు తల దిమ్మెక్కిపోయింది. ఊరు కూడా 2,500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా బయల్దేరొద్దు.

ఏజెంట్ చూపించిన ఫ్లాట్ నెలకి 1,100. ఫొటోల్లో తోమెబాంబా నది కనిపించింది, తీరా చూస్తే కిటికీ కింద బస్సుల రోడ్డు. "ఏడాదంతా వసంతం" అంటారు గానీ రాత్రి పది డిగ్రీలకి పడిపోతుంది, ఇళ్ళల్లో హీటర్లుండవు, రెండు రగ్గులు కప్పుకున్నా కాళ్ళు చల్లగానే ఉన్నాయి. స్నానానికి వేడినీళ్ళు గ్యాస్ సిలిండర్ మీద. రెండో రోజు నేను తలంటుకుంటుంటే గ్యాస్ అయిపోయింది. కుంకుడు నురగ కళ్ళల్లో పడుతుంటే ఆ చన్నీళ్ళకి అరిచిన అరుపు వాచ్‌మన్‌కి కూడా వినపడిందట. ఏజెంట్ సిలిండర్ పంపి 20 డాలర్లు వేశాడు. మర్నాడు పొద్దున వీధిలోకి గ్యాస్ బండి హారన్ కొట్టుకుంటూ వచ్చింది, అదే సిలిండర్ మూడు డాలర్లు! ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది మరి. అడిగితే "సర్వీస్ చార్జ్" అన్నాడు. అంతకంటే ఒళ్ళు మండింది ఎప్పుడంటే, మా బిల్డింగ్ గేటుకే "సె అర్రియెండా" (అద్దెకి ఇస్తాం) అని అట్ట కట్టి ఉంది, పై అంతస్తు ఫ్లాట్ 450కి. సామాను లేదన్నమాటే గానీ, ఒక మంచం, స్టవ్వు కొనుక్కుంటే ఏ రెండు నెలల్లోనో తేలిపోతుంది. ఆ సాయంత్రం మావారు నాతో మాట్లాడలేదు.

తిండి దగ్గర మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు. మధ్యాహ్నం మూడు డాలర్లకి సూప్, అన్నం, ఒక కూర, జ్యూస్ పెడతారు. శాకాహారులు జాగ్రత్త, మాంసం వద్దంటే ముక్కలు తీసేసి ఆ చికెన్ నీళ్ళే పోస్తారు. నేను డియెస్ దె అగోస్తో మార్కెట్ పై అంతస్తులో యపింగాచోలు పట్టుకున్నాను, జున్ను పెట్టి కాల్చిన బంగాళాదుంప అట్లు, మీద పల్లీల సాస్, అచ్చం మన పల్లీ చట్నీలో కొంచెం పాలు కలిపినట్టు. రోజూ అదే తిన్నా విసుగు రాలేదు.

అదే మార్కెట్లో మంగళ, శుక్రవారాల్లో ఆడవాళ్ళు దిష్టి తీస్తారు, నమ్ముతారా? ఆకుల కట్టతో తల నుంచి కాళ్ళ దాకా కొట్టి, గుడ్డుతో ఒళ్ళంతా రుద్ది, దాన్ని పగలగొట్టి లోపల చూసి తల ఊపుతారు. చివర్లో నుదుట నల్లటి బొట్టు. పసిపిల్లల్ని ఎత్తుకుని క్యూలో నిలబడి తల్లులు నవ్వుతున్నారు. మావారు కూడా తీయించుకున్నారు, ఐదు డాలర్లు. ఆ ఏజెంట్ కళ్ళు పడినందుకే అన్నాను.

వీసా సంగతి: పెన్షన్ మీద వెళ్ళేవాళ్ళకి అక్కడి కనీస వేతనానికి మూడు రెట్ల నెలసరి ఆదాయం చూపించాలి, 2025 లెక్కలో 1,410 డాలర్లు. కరెన్సీ కూడా డాలరే, 2000 నుంచీ, మార్పిడి గోల లేదు. సోషల్ సెక్యూరిటీ, అంటే అమెరికా ప్రభుత్వ పెన్షన్, అక్కడికీ వస్తుంది, పెద్దవాళ్ళకి అమెరికా ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ మాత్రం పనిచేయదు, ఇది చాలామంది ఆలోచించరు, ఇన్సూరెన్స్ డబ్బు విడిగా పక్కన పెట్టుకోండి. మన మీద కేసుల్లేవని చూపే ఎఫ్‌బీఐ క్లియరెన్సుకి, విదేశంలో చెల్లేలా అపోస్టిల్ అనే ప్రభుత్వ ధ్రువీకరణ చేయించడానికి టైం పడుతుంది, ముందే మొదలెట్టండి.

ఇల్లు మాత్రం అక్కడికి వెళ్ళాక, కొన్నాళ్ళు హాస్టల్లో ఉండి, కాలినడకన గేట్ల మీద అట్టలు చూసుకుంటూ వెతుక్కోండి. మావారు ఏజెంటు దగ్గర ఆ 350 వెనక్కి అడుగుతున్నారు, ఇంకా జవాబు లేదు.