గోదావరిఖని రోడ్ల మీద తిరిగేవాళ్లకు తలపట్టీల మాస్కు: ఐదుకు నాలుగు

ఓపెన్‌కాస్టు బొగ్గు లారీలు, థర్మల్ ప్లాంటు బూడిద లారీలు, బసంత్‌నగర్ సిమెంటు. రామగుండం, గోదావరిఖని వైపు రోజూ బండి మీద తిరిగేవాళ్ల ముక్కుల్లోకి పోయే దుమ్ము ఇన్ని రకాలు. చాలామంది దస్తీ కట్టుకుని సరిపెట్టుకుంటారు. కంటికి కనిపించే మట్టిని దస్తీ ఆపుతుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగి, నెత్తుట్లో కలిసి, గుండెపోటుకూ పక్షవాతానికీ దారితీసే పీఎం2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నటి) నలుసును ఆపలేదు. 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో అది 60 మైక్రోగ్రాములు దాటొద్దని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 15.

ఈ పనికి తల వెనక రెండు పట్టీలు, ఊపిరి వదిలే వాల్వు ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ2 మడత మాస్కు సరైనది. కొనేముందు మాస్కు మీదనే ఐఎస్ 9473 (ఇలాంటి మాస్కులకు మన దేశ ప్రమాణం నంబరు), ఎఫ్‌ఎఫ్‌పీ2 అన్న అచ్చు, ఐఎస్‌ఐ గుర్తు ఉన్నాయా చూడండి. సన్నటి కణాల్లో కనీసం 94 శాతం ఆపితేనే ఎఫ్‌ఎఫ్‌పీ2. ‘ఎన్95’ అని పెద్దగా అచ్చేసి ప్రమాణం నంబరు లేనివి ముట్టుకోవద్దు.

చెవులకు తగిలించే రకం బుగ్గల దగ్గర వదులవుతుంది, అందుకే తలపట్టీలది తీసుకోమనేది. పై పట్టీ నడినెత్తికి కాస్త వెనక, కింది పట్టీ చెవుల కిందుగా మెడ మీద ఉండాలి. ముక్కు రేకును ఒక చేత్తో గిల్లితే నడుమ కోణంలా లేచి సందు మిగులుతుంది. రెండు చేతుల వేళ్లతో నడుమ నుంచి బుగ్గల వైపు ఒత్తుకుంటూ రండి. తర్వాత వాల్వును అరచేత్తో మూసి ఊపిరి వదలండి. కళ్లకు గాలి తగిలితే మళ్లీ సర్దాలి.

సాయంత్రం తీశాక లోపలి వైపు తప్పక చూడండి. ముక్కు పక్క నుంచి సన్నటి నల్లగీత దిగి ఉంటే గాలి ఆ సందులోంచే దూరింది. బయట నల్లబడి లోపల తెల్లగా ఉంటే బిగువు కుదిరినట్టు. గడ్డం ఉన్న ముఖానికి, అది రెండు రోజులదే అయినా, ఆ బిగువు కుదరదు.

తొందరగా చెడేది వాల్వు. దాని పలచటి రబ్బరు రేకు కింద బూడిద నలక ఇరుక్కుంటే పూర్తిగా మూసుకోదు. పీల్చినప్పుడల్లా వడపోయని గాలి వస్తుంది. ఇంకో తప్పు ఉతకడం. లోపలి పొరలో ఉండే విద్యుదావేశమే సన్న నలుసును పట్టుకుంటుంది. సబ్బు, శానిటైజర్ తగిలితే ఆ శక్తి పోతుంది, పైకి మాత్రం మాస్కు బాగానే కనిపిస్తుంది. వాడాక కాగితం కవర్లో పెట్టి ఆరనివ్వండి. పట్టీ సాగినా, ఊపిరి బరువైనా పారేయండి.

బొగ్గు కాలితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ లాంటి వాయువులను ఇది ఆపదు. దమ్ము ఉన్నవాళ్లు మాస్కు ఉంది కదా అని ఇన్‌హేలర్ ఇంట్లో వదిలి రావొద్దు. కరీంనగర్ గ్రానైటు కోత, పాలిష్ పనివాళ్లు కూడా దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. రాతి దుమ్ములోని సిలికా తెచ్చే సిలికోసిస్ నయం కాదు. అక్కడ ముందు బ్లేడు మీద నీళ్లు పారాలి, యజమాని ఆ ఏర్పాటు చేసి తీరాలి; మాస్కు ఆ తర్వాత.

ఒక మార్కు తగ్గించింది సైజు వల్ల. దుకాణాల్లో ఎక్కువగా దొరికేది ఒకటే కొలత; సన్నటి ముఖాలకు గడ్డం కింద సందు మిగులుతుంది, పిల్లలకైతే అసలు పనికిరాదు.