మైడ్రామాలిస్ట్‌లో 'ఇలాంటిదే ఇంకోటి' వెతకడం: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

కొరియన్ డ్రామా 'రిప్లై 1988' చూసినవాళ్లు నలుగురు వచ్చి "ఇలాంటిది ఇంకోటి చెప్పు" అని అడిగితే, నలుగురికీ నాలుగు వేరే పేర్లు చెప్పాలి. ఒకరికి ఆ సందులోని అమ్మానాన్నలు నచ్చి ఉంటారు. ఒకరికి చిన్ననాటి స్నేహితుల గుంపు నచ్చి ఉంటుంది. ఇంకొకరికి ఆ పాతకాలం కావాలి. మరొకరికి హీరోయిన్ చివరికి ఎవరిని పెళ్లి చేసుకుంటుందన్న టెన్షనే కావాలి. బెంగళూరులో మా ఆఫీసులోనూ, మారతహళ్లిలో మేముండే అపార్ట్‌మెంట్‌లోనూ కొరియన్, చైనీస్ డ్రామాలు చూసే తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. ఈ ప్రశ్న వారం వారం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నేను జవాబు వెతికేది మైడ్రామాలిస్ట్‌లో, అంటే ఆసియా దేశాల డ్రామాల వివరాలు, రివ్యూలు ఉండే వెబ్‌సైట్‌లో.

ఓటీటీ యాప్‌లు కూడా 'ఇలాంటివి మరికొన్ని' అని ఒక వరుస చూపిస్తాయి. అందులో ఎందుకు చూపించిందో ఉండదు. 'మై మిస్టర్' అయిపోయిన రాత్రి ఒక యాప్ నాకు కాలేజీ ప్రేమకథ చూపించింది. రెండూ కొరియన్‌వే కావచ్చు, కానీ ఆ పదహారు ఎపిసోడ్ల బరువు గుండెల్లో ఉన్నప్పుడు కాలేజీ కథ చూడబుద్ధి కాదు.

మైడ్రామాలిస్ట్‌లో ప్రతి డ్రామా పేజీకీ రికమెండేషన్స్ అని ఒక భాగం ఉంటుంది. చూసినవాళ్లే దాన్ని ఇంకో డ్రామాతో జత చేసి, ఎందుకు జత చేశారో కింద రాస్తారు. ఆ మాట నచ్చినవాళ్లు ఓటు వేస్తారు. నేను ముందు పేరు చూడను, కారణం చదువుతాను. "రెండింట్లోనూ హీరో ఒకడే" అని ఉంటే వదిలేస్తాను. "రెండింట్లోనూ ఇరుగుపొరుగు కుటుంబాలు కలిసి అన్నం తింటాయి" లాంటి మాట ఉంటే పట్టుకుంటాను. చైనా డ్రామా 'గో ఎహెడ్' (2020) నాకు అలాగే దొరికింది. ఇద్దరు నాన్నలు, ఒకాయన నూడుల్స్ హోటల్ నడుపుతాడు, ఇంకొకాయన పోలీసు. ముగ్గురు పిల్లలు, ముగ్గురికీ రక్తసంబంధం లేదు. ఊళ్లో కూర గిన్నె గోడ మీదుగా పక్కింటికి వెళ్లినట్టు, ఆ రెండిళ్ల మధ్య తలుపు అన్న మాటే ఉండదు. 'రిప్లై 1988'లో అమ్మానాన్నలను ప్రేమించినవాళ్లకు నేను కళ్లు మూసుకుని చెప్పే పేరు ఇదే. 2024లో దీన్ని కొరియాలో 'ఫ్యామిలీ బై చాయిస్' పేరుతో మళ్లీ తీశారు. పదహారు ఎపిసోడ్లే కాబట్టి టైమ్ లేనివాళ్లు దాన్ని ఎంచుకోవచ్చు. కానీ పిల్లలు పెరగడం నింపాదిగా చూడాలంటే చైనాదే చూడాలి.

స్నేహితుల గుంపు కోసం అడిగేవాళ్లకు జవాబు సులువు. 'రిప్లై' సిరీస్ రచయిత్రి లీ వూ జంగ్, దర్శకుడు షిన్ వన్ హో కలిసి తీసిందే 'హాస్పిటల్ ప్లేలిస్ట్' (2020, 2021). పెళ్లికొడుకు ఎవరో ఊహించే ఆట కావాలంటే 'రిప్లై 1997', 'రిప్లై 1994' ఉండనే ఉన్నాయి. జాగ్రత్త పడాల్సింది కాలం విషయంలో. 1980లు కావాలని ట్యాగ్ పట్టుకుని వెతికితే 'యూత్ ఆఫ్ మే' (2021) కూడా వస్తుంది. అది 1980లో గ్వాంగ్జు నగరంలో జరిగే కథ. ఆ ఏడాది మే నెలలో అక్కడ ప్రజాస్వామ్యం కోసం వీధుల్లోకి వచ్చిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది, కాబట్టి అది ఎలాంటి కథో వేరే చెప్పక్కర్లేదు. చాలా గొప్ప డ్రామా. కానీ మా టీమ్‌లో అనంతపురం అమ్మాయి ముందే చెబుతుంది, "అక్కా, ఏడిపించేది మాత్రం వద్దక్కా" అని. ఆమెకు అది చెప్పలేను. అందుకే ట్యాగ్‌తో పేరు దొరికినా, కింద రివ్యూలు రెండు మూడు చదివాకే ఎవరికైనా చెబుతాను.

ఇన్నాళ్ల వాడకంలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది రచయితల పేజీ. కొరియాలో చాలా డ్రామాలకు మొదటి ఎపిసోడ్ నుంచి చివరిదాకా ఒక్కరే రాస్తారు. అందుకే ఒక రచయిత గొంతు నచ్చితే, నటులు మారినా, కథ మారినా ఆ గొంతు మళ్లీ వినిపిస్తుంది. 'మై మిస్టర్' (2018) రాసింది పార్క్ హే యంగ్. ఆమె పేరు నొక్కితే 'అనదర్ మిస్ ఓ' (2016), 'మై లిబరేషన్ నోట్స్' (2022) కనిపిస్తాయి. మొదటిది పైకి సరదా ప్రేమకథ, అయినా ఒంటరితనం గురించి రాసిన తీరులో ఆమె చెయ్యి తెలుస్తుంది. రెండోది బెంగళూరులో ఉద్యోగం చేసే ప్రతి ఒక్కరూ చూడాలని నా కోరిక. సియోల్‌కి దూరంగా ఒక పల్లెలో ఉండే ఇద్దరు అక్కాచెల్లెళ్లు, వాళ్ల సోదరుడు రోజూ గంటల కొద్దీ ప్రయాణం చేసి నగరంలో ఉద్యోగాలకు వెళ్లొస్తుంటారు. రాత్రి ఇంటికి చేరేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండదు. సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో ఇరుక్కుపోయి, ఇవాళ్టికి నాకంటూ ఏం మిగిలిందని ఆలోచించిన మనిషికి ఆ ముఖాలు బాగా తెలిసినవే. మొదటి రెండు ఎపిసోడ్లు నెమ్మదిగా నడుస్తాయి, ఆపేయకండి.

'మై మిస్టర్' దర్శకుడు కిమ్ వన్ సోక్ పేరు నొక్కితే ఇంకో దారి తెరుచుకుంటుంది. ఆఫీసు బతుకు మీద 'మిసేంగ్' (2014), నేర పరిశోధన కథ 'సిగ్నల్' (2016), జేజు దీవిలో ఒక జంట జీవితమంతా చూపించే 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్' (2025) ఆయనవే. ఈ చివరిది రాసిన లిమ్ సాంగ్ చూన్ రాసిందే 'వెన్ ద కామెలియా బ్లూమ్స్' (2019). ఇలా ఒక పేరు నుంచి ఇంకో పేరుకు వెళ్తుంటే నెలల తరబడి చూడ్డానికి సరిపోతుంది.

చైనా డ్రామాలకు నేను రచయితతో పాటు నిర్మాణ సంస్థను కూడా చూస్తాను. 'నిర్వాణా ఇన్ ఫైర్' (2015) 54 ఎపిసోడ్లు. రాజకుట్రలు, స్నేహం, పగ అన్నీ ఉన్నా ఎక్కడా అరుపులుండవు. తీసింది డేలైట్ ఎంటర్‌టైన్‌మెంట్. అదే సంస్థ తీసిన 'ఆల్ ఈజ్ వెల్' (2019) ఇప్పటి కుటుంబ కథ. కాలం వేరు, బట్టలు వేరు, కానీ మనుషుల్ని చూసే ఓర్పు ఒకటే. ఆస్తి, కొడుకులు, కూతురు అన్న గొడవ ఉన్న ఏ తెలుగింట్లోనైనా దాన్ని కూర్చోబెట్టి చూపించొచ్చు. జపాన్‌వి సాధారణంగా పది పదకొండు ఎపిసోడ్లలో అయిపోతాయి కాబట్టి వారాంతంలో ఒకటి పూర్తవుతుంది. అక్కడ సకమోటో యూజీ పేరు పట్టుకోండి. 'మదర్' (2010), 'క్వార్టెట్' (2017) ఆయన రాసినవే.

కాలంలో వెనక్కీ ముందుకీ వెళ్లే కథలకు మాత్రం రికమెండేషన్స్ కింద కారణాలు చదవొద్దు. ఎంత జాగ్రత్తగా రాసినా ముడి ఎక్కడుందో తెలిసిపోతుంది. తైవాన్ డ్రామా 'సమ్‌డే ఆర్ వన్ డే' (2019) గురించి ఏమీ తెలుసుకోకుండా మొదలుపెట్టండి. 2023లో వచ్చిన కొరియన్ రీమేక్ 'ఎ టైమ్ కాల్డ్ యూ' తర్వాత చూసుకోవచ్చు.

పదికి ఇన్ని అని ఇచ్చే రేటింగ్‌ను నేను పెద్దగా పట్టించుకోను. ప్రసారం జరుగుతుండగానే అభిమానులు పదికి పది వేస్తారు, పూర్తయ్యాక ఆ అంకె ఎటు కదిలిందన్నదే కాస్త నమ్మదగ్గ సంగతి. ఇక, పేరు దొరకడం ఒకటి, మన దేశంలో చూడ్డానికి దొరకడం ఇంకొకటి. ఒక ఓటీటీలో నేను సగం చూసిన డ్రామా హక్కులు అయిపోయాయని కనిపించకుండా పోయింది. అప్పటి నుంచి పెద్ద డ్రామా మొదలుపెట్టే ముందు అది ఎక్కడెక్కడ ఉందో వెతికి చూస్తున్నాను. తెలుగు ఆడియో ఉందా లేదా అన్నది కూడా ఆ యాప్ తెరిచి చూస్తేనే తెలుస్తుంది.

మా అమ్మ ఒంగోలు నుంచి దసరాకి వస్తోంది. ఆమెకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవడం కష్టం, నేను పక్కన కూర్చుని చెప్పాలి. పోయినసారి 'అవర్ బ్లూస్' (2022) అలాగే చూశాం. చేపల బజారులో ముసలమ్మలు పోట్లాడుకుంటుంటే, "వీళ్లు మనవాళ్లేనే" అంది. ఆ డ్రామా రచయిత్రి నో హీ క్యంగ్ పేజీలోకి వెళ్తే 'డియర్ మై ఫ్రెండ్స్' (2016) దొరికింది. పదహారు ఎపిసోడ్లు, వయసు పైబడిన స్నేహితురాళ్ల కథ. అమ్మకు బాగా నచ్చిన కిమ్ హే జా, గో డూ షిమ్ ఇందులోనూ ఉన్నారు. మైడ్రామాలిస్ట్‌లో నేను ఇకముందు చూడాల్సినవి దాచుకునే ప్లాన్ టు వాచ్ జాబితాలో దాన్ని అన్నిటికంటే పైన పెట్టాను.