ఊపిరాడక పుట్టిన శిశువు మెదడుకు ఏ పరీక్ష మేలు: ఏఈఈజీయా, ఈఈజీయా, ఎంఆర్ఐయా?

పుట్టేటప్పుడు ప్రాణవాయువు అందని శిశువు మెదడు ఎంత దెబ్బతిన్నదో తెలుసుకోవడానికి ఏ పరీక్ష మేలని నవజాత శిశు విభాగాల్లో పనిచేసే యువ వైద్యులు తరచుగా అడుగుతుంటారు. ఈఈజీ అంటే తలపై ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష; ఏఈఈజీ వాటినే కొద్ది ఎలక్ట్రోడ్లతో పట్టి, కుదించిన పట్టీగా చూపుతుంది; ఎంఆర్ఐ మెదడు చిత్రాలు తీస్తుంది. కచ్చితత్వాన్ని బట్టి ఎంచుకోవాలన్నది వారి ఉద్దేశం. నా దృష్టిలో మాత్రం శిశువు పుట్టి ఎన్ని గంటలైందన్నదే ముందుగా చూడవలసిన విషయం.

మెదడు మరింత దెబ్బతినకుండా శిశువును చల్లబరిచే చికిత్సను పుట్టిన మొదటి ఆరు గంటల్లోగా మొదలుపెట్టాలి. ఆ వ్యవధిలో ప్రధాన ఆధారం స్పృహ, కండరాల బిగువు, ప్రతిస్పందనలను బట్టి తీవ్రతను అంచనా వేసే సార్నాట్ పద్ధతి శారీరక పరీక్షే. ఈ చికిత్సపై 2005లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాల్లో కూల్‌క్యాప్ అనే అధ్యయనం వారు శిశువులను ఎంచుకోవడానికి ఏఈఈజీని తప్పనిసరి చేయగా, అమెరికా జాతీయ శిశు ఆరోగ్య సంస్థ (ఎన్ఐసీహెచ్‌డీ) వారు అది లేకుండానే శారీరక పరీక్షను బట్టి ఎంచుకున్నారు. కాబట్టి యంత్రం లేదన్న కారణంతో చికిత్స ఆలస్యం చేయడం సమర్థనీయం కాదు. అయితే శిశువును 33.5 డిగ్రీలకు చల్లబరిచి, నొప్పికి మార్ఫిన్, మూర్ఛలకు ఫినోబార్బిటోన్ వంటి మందులు ఇచ్చాక కండరాల బిగువు, స్పృహ, ప్రతిస్పందనలు మందు వల్ల తగ్గాయో, గాయం వల్ల తగ్గాయో చేతితో చూసి చెప్పడం కష్టమవుతుంది.

ఏఈఈజీ ఎక్కువగా అక్కరకు వచ్చేది ఇక్కడే. తలపై కొద్దిపాటి ఎలక్ట్రోడ్లు అమర్చితే 72 గంటల చికిత్స పొడవునా, ఆ తరువాత ఒళ్లు వెచ్చబరిచేటప్పుడు కూడా అది నమోదు చేస్తూనే ఉంటుంది. గంటసేపటి చరిత్ర సుమారు ఆరు సెంటీమీటర్ల పట్టీలో ఇమిడిపోతుంది. పట్టీ కింది అంచు 5 మైక్రోవోల్టులకు, పై అంచు 10 మైక్రోవోల్టులకు పైన ఉంటే నేపథ్యం, అంటే మెదడు మూల విద్యుత్ చలనం, బాగున్నట్టే. ఆరో గంటలో బర్స్ట్ సప్రెషన్ (తరంగాలు దాదాపు ఆగి, మధ్యమధ్యలో ఒక్కసారిగా ఎగసిపడే తీరు) కనిపించిందని ఆశ వదులుకోనక్కరలేదు. చల్లబరిచిన శిశువుల్లో నేపథ్యం 48 గంటలలోపు కోలుకుని, నిద్ర, మెలకువల చక్రాలు తిరిగి కనిపించడం చాలా మంచి సూచన. ఒక్కసారి తీసిన ఏ పరీక్షా ఈ గమనాన్ని చూపలేదు కనుకనే నా మొగ్గు ఏఈఈజీ వైపు. ఒక హెచ్చరిక మాత్రం అవసరం: గుండె విద్యుత్ సంకేతం గాని, వెంటిలేటర్ కంపనం గాని కలిసిపోతే కింది అంచు కృత్రిమంగా పైకి లేచి, దాదాపు నిశ్చలంగా ఉన్న మెదడు కూడా బాగున్నట్టు భ్రమ కలిగిస్తుంది, అందుకే పట్టీ కింద కదిలే అసలు తరంగాన్ని చూడకుండా నిర్ణయానికి రాకూడదు.

మూర్ఛలను పట్టుకోవడంలో పూర్తి ఈఈజీకి సాటి లేదు. అర నిమిషంలోపు ముగిసేవీ, ఎలక్ట్రోడ్లకు దూరంగా పుట్టేవీ ఏఈఈజీకి చిక్కవు. ఫినోబార్బిటోన్ ఇచ్చాక కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఆగినా మెదడులో విద్యుత్ మూర్ఛ కొనసాగవచ్చు. అర్ధరాత్రి చదివి చెప్పే నిపుణులు అందుబాటులో ఉన్న చోట నేను కూడా పూర్తి ఈఈజీనే కోరతాను. ఉదయం దాకా ఎవరూ చూడని నమోదు వల్ల ఆ రాత్రి శిశువుకు ఒరిగేదేమీ లేదు.

తల అల్ట్రాసౌండ్ స్కానింగ్ రక్తస్రావాన్ని, పుట్టుకతో వచ్చిన నిర్మాణ లోపాలను చూసుకోవడానికి చాలు. కాంతి కిరణాలతో కొలిచే నిర్స్ ప్రధానంగా మెదడులోని ప్రాణవాయువు స్థాయిని చూపుతుంది. మెదడు పనితీరు దానితో నేరుగా తెలియదు.

చికిత్స మొదలుపెట్టాలా అన్న నిర్ణయానికి ఎంఆర్ఐ పనికిరాదు. తొలి 24 గంటల్లో తీస్తే గాయం అసలుకన్నా తక్కువగా కనిపించవచ్చు, వారం దాటాక డిఫ్యూజన్ చిత్రం (నీటి కదలికను బట్టి తాజా గాయాన్ని చూపే ఎంఆర్ఐ చిత్రం) మామూలుగా మారినట్టు మోసగించవచ్చు. శిశువును తిరిగి వెచ్చబరిచాక, మొదటి వారం ముగిసేలోపు తీయడం మంచిది. ఏఈఈజీ వినేది ప్రధానంగా మెదడు పైపొర మాటనే. దాని నేపథ్యం చక్కబడినా ఎంఆర్ఐలో మెదడు లోతుల్లోని థాలమస్, బేసల్ గాంగ్లియాలలో స్పష్టమైన గాయం కనిపిస్తే, బిడ్డ కదలికల భవిష్యత్తు గురించి తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు నేను ఎంఆర్ఐ చెప్పినదానికే ఎక్కువ విలువ ఇస్తాను.