క్రిమినల్ లా పీజీ, సామాజిక న్యాయం పేపర్లతో: ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

హైదరాబాద్‌లో క్రిమినల్ లా ప్రధానంగా ఎల్‌ఎల్‌ఎం చేసి, చాలాకాలంగా లీగల్ ఎయిడ్ కేసులు చూస్తూ రాస్తున్న సమీక్ష ఇది.

కోర్సు మొత్తంలో విలువైనది జైలు క్లినిక్, అంటే విద్యార్థులు జైల్లోని ఖైదీల కేసులు చూసే ప్రాక్టికల్ తరగతి. రిమాండు కాగితాలు ముందేసుకుని తేదీలు లెక్కగట్టడం అక్కడే పట్టుబడుతుంది. దొంగతనం కేసే తీసుకోండి. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత, ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 303(2), మూడేళ్లలోపు శిక్ష. 60 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 187(3) కింద బెయిలు హక్కు. లెక్క అరెస్టు నుంచి కాదు, మేజిస్ట్రేటు రిమాండుకు పంపిన రోజు నుంచి, ఆ రోజునూ కలుపుకుని. పిటిషన్ వేసేలోపు ఛార్జిషీటు దాఖలైతే హక్కు పోయినట్టే. ఒక్క పూట ఆలస్యం చాలు.

ఆ తర్వాత మిగిలేది అదే చట్టంలోని 479: గరిష్ఠ శిక్షలో కొంత భాగం విచారణ ఖైదీగా గడిపితే బెయిలు. గతంలో శిక్ష పడనివాళ్లకు మూడో వంతు, అంటే ఏడాది. మిగతావాళ్లకు సగం, ఏడాదిన్నర. దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. అయితే ఒకటికి మించి కేసులుంటే 479(2) అడ్డొస్తుంది. చిన్న చిన్న దొంగతనాలు వరసగా నెత్తిన పడ్డ పేదవాళ్లు ఇక్కడే ఇరుక్కుపోతారు. సామాజిక న్యాయం క్లాసులో ఈ ఉపసెక్షన్‌కు వారం కేటాయించినా తక్కువే.

బెయిలొచ్చినా జామీను దొరకదు. ఇద్దరు జామీనుదార్లను తెమ్మంటే అడ్డా కూలీ ఎవరినని తెస్తాడు? 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు బాగా చదవండి: వారంలో విడుదల కాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి, నెలలోపు జామీను ఇవ్వలేకపోతే షరతుల సడలింపును కోర్టే పరిశీలించవచ్చు. 2022 చివర్లో దేశంలోని సుమారు 5.73 లక్షల ఖైదీల్లో 4.34 లక్షలమంది విచారణ ఖైదీలే కాబట్టి ఈ పని ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

క్రిమినాలజీ సిద్ధాంతాలు పరీక్షకు మించి అక్కరకు రాలేదు. పెద్ద లోటు భాష. పాఠం ఇంగ్లీషులో, పంచనామా తెలుగు చేతిరాతలో, పాతబస్తీ క్లయింటు మాట ఉర్దూలో. ఇది కోర్సు నేర్పదు. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో కూర్చుని నేర్చుకోవాల్సిందే. పాత సెక్షన్లనూ వదలొద్దు: 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ ఐపీసీయే.

చేరేముందు కాలేజీని రెండే అడగండి: క్లినిక్‌కు మార్కులున్నాయా, విద్యార్థులతో నిజమైన కేసు ఫైలు చదివిస్తారా.