జాలీ బాయ్ దీవి: గాజు పడవకు పెట్టే డబ్బు స్నార్కెలింగ్‌కు పెట్టండి

అండమాన్‌లోని జాలీ బాయ్ దీవిలో డబ్బు ఎక్కువ గుంజేది గాజు అడుగు పడవ, తక్కువ చూపించేదీ అదే. టికెట్‌తో వచ్చే రౌండు కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పగడాలు బాగా కనబడే చోటికి వెళ్లాలంటే అదనం అంటారు. ఒకే గాజు మీదికి అందరూ వంగితే కనబడేది ఎదుటివాళ్ల తల నీడే.

ఆ డబ్బు స్నార్కెలింగ్‌కు పెట్టండి, అంటే కళ్లూ ముక్కూ కప్పే మాస్కు పెట్టుకుని, గొట్టంతో గాలి పీలుస్తూ నీటి మీద తేలి కిందికి చూడటం. మాస్కును తాడు లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి; పడిపోకుండా నిలిస్తే అది మీ కొలత. అంచు కింద ఒక్క వెంట్రుక చిక్కినా నీళ్లొస్తాయి, మీసం ఉన్నవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. లోపలి గాజుకు ఉమ్మి రాసి కడిగేస్తే ఆవిరి పట్టదు. అలిసిపోతే వెల్లకిలా తేలండి, పగడం మీద మాత్రం నిలబడొద్దు. అది విరుగుతుంది, కాలూ కోసుకుంటుంది. సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల చొక్కా మేలు.

ప్యాకేజీ ఫోటోల్లోని రంగుల తివాచీ కోసం వెళ్తే నిరాశే. 2010లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు చాలావరకు రంగు పోయి తెల్లబడ్డాయి. కొమ్మల్లా పెరిగేవి ఎక్కువ దెబ్బతిన్నాయి, బండల్లాంటివి కాస్త తట్టుకున్నాయి. వాటి సందుల్లో పెద్ద ఆల్చిప్ప నీలం, ఆకుపచ్చ పెదవులు తెరుచుకుని కనిపిస్తే పక్కనుంచి మెల్లగా వెళ్లండి. మీ నీడ మీద పడిందా, చటుక్కున మూసుకుంటుంది.

ఇది 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో భాగం. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి వండూరు జెట్టీ సుమారు 30 కిలోమీటర్లు, అక్కడి నుంచి పడవలో గంట. సోమవారం సెలవు. జాలీ బాయ్ దాదాపు నవంబరు నుంచి మే దాకానే తెరిచి ఉంటుంది, మిగతా నెలల్లో రెడ్ స్కిన్ దీవికి తీసుకెళ్తారు. కొందరు బ్రోకర్లు ఈ ముక్క దాచి డబ్బు కట్టించుకుంటారు. అటవీ శాఖ అనుమతి, పడవ టికెట్, స్నార్కెలింగ్, గాజు పడవ: ఏది కలిసి ఉందో, ఏది విడిగానో ముందే రాయించుకోండి.

ప్లాస్టిక్ తనిఖీ గట్టిగానే ఉంటుంది, ఉండాల్సిందే. చిప్స్ పొట్లం కూడా పోనివ్వరు. స్టీలు సీసాలో నీళ్లు, డబ్బాలో తిండి పెట్టుకోండి. దీవిలో కొట్టు లేదు. గవ్వ, పగడపు ముక్క జేబులో వేసుకోకండి: పగడాలకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, విమానాశ్రయంలో బ్యాగులు వెతుకుతారు.

తిరిగొచ్చాక వండూరు బీచిలో వల కట్టిన హద్దు దాటొద్దు. అక్కడ మొసళ్లున్నాయి.