వెల్‌నెస్ డైరీ: అట్ట కాదు, ఆహారం పేజీ చూసి కొనండి

తిండి, నిద్ర, మనసు, అలవాట్లు అన్నీ ఒకే పుస్తకంలో రాసుకోమనే వెల్‌నెస్ డైరీలు ఇప్పుడు రకరకాలుగా దొరుకుతున్నాయి. అట్ట మీద పూలు, లోపల స్ఫూర్తి వాక్యాలు దాదాపు అన్నింటిలోనూ ఉంటాయి. తేడా తెలిసేది ఆహారం పేజీ దగ్గరే. అది కేలరీలు లెక్కపెట్టమంటే పక్కన పెట్టేయండి. రకాలు లెక్కపెట్టమంటే మిగతా పేజీలు తిరగేయండి.

ఇంట్లో వండిన కూరలో నూనె ఎంత పడిందో, గరిటెకు ఎంత వచ్చిందో ఎవరూ తూచరు. అందాజుగా వేసిన కేలరీల అంకె చూసుకుని రోజంతా మురిసిపోవడమో, నొచ్చుకోవడమో తప్ప ఒరిగేదేమీ లేదు. తిండి విషయంలో ముందే ఆందోళన ఉన్నవాళ్లకు, ఈటింగ్ డిజార్డర్ నుంచి కోలుకుంటున్నవాళ్లకు అది హాని కూడా చేయొచ్చు. రోజూ బరువు రాయమనే గడి కూడా అంతే. ఉప్పు కాస్త ఎక్కువ తింటే చాలు, ఒంట్లో నీరు నిలిచి మర్నాటికి ముల్లు పైకి జరుగుతుంది. అది కొవ్వు కాదు.

రకాల పేజీకి మంచి నమూనా ఇప్పటికే ఉంది. మహిళల ఆహార వైవిధ్యాన్ని అంచనా వేయడానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాడే జాబితాలో 10 వర్గాలుంటాయి: ధాన్యాలు, దుంపలు కలిపి ఒకటి; పప్పుధాన్యాలు; గింజలు, విత్తనాలు; పాలు, పాల పదార్థాలు; మాంసం, చేపలు; గుడ్లు; ముదురాకుపచ్చ ఆకుకూరలు; విటమిన్ ఎ ఎక్కువుండే ఇతర కూరగాయలు, పండ్లు; మిగతా కూరగాయలు; మిగతా పండ్లు. 24 గంటల్లో కనీసం 5 వర్గాలు తినాలన్నది అందులోని గీత. టిక్కు పెట్టాలంటే ఆ వర్గంలోది కనీసం 15 గ్రాములు, సుమారు ఒక టేబుల్ స్పూను, తిని ఉండాలి. పైన చల్లిన కొత్తిమీర రెబ్బలు ఆకుకూర కిందికి రావు. ఒక హెచ్చరిక: ఇది జనాభా సర్వేల కోసం తయారైన కొలత. 5 టిక్కులు పడ్డాయంటే పోషకాలన్నీ అందినట్టేనని అర్థం కాదు.

ఈ 10 గడులూ ఉన్న డైరీల్లో కూడా రెండు లోపాలు కనిపిస్తాయి. బంగాళాదుంపను కూరగాయల్లో వేస్తారు. అది దుంపల వర్గంలోది, అన్నంతోనో రొట్టెతోనో కలిపి ఒకే టిక్కు. వేరుశనగ పప్పుజాతిదే అయినా ఈ జాబితాలో గింజల కిందికి వస్తుంది. రెండో లోపం ఇంకా పెద్దది. 'కూరగాయలు' గడిలో ఏడు రోజులూ ఒకే కూరకు టిక్కు పెట్టినా పేజీ నిండుగా కనిపిస్తుంది. అందుకే వారానికొక పేర్ల పేజీ తప్పనిసరి. ఆ వారంలో తిన్న ప్రతి మొక్క ఆహారం పేరు ఒక్కసారే రాయాలి: ధాన్యం, పప్పు, కూర, పండు, గింజ. 2018లో వెలువడిన అమెరికన్ గట్ ప్రాజెక్టు ఫలితాల్లో వారానికి 30కి మించి మొక్క రకాలు తిన్నవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం, 10 లోపు తిన్నవాళ్లకంటే ఎక్కువగా కనిపించింది. అది సంబంధం మాత్రమే, కార్యకారణ రుజువు కాదు. కాబట్టి 30 కోసం హైరానా పడొద్దు. 12 దగ్గరున్నవాళ్లు వారానికి రెండు పేర్లు పెంచుకుంటే చాలు. దానికి సులువైన దారి కొత్త వంటలు కాదు, మామూలుగా చేసే పప్పులో పప్పు మార్చడం.

మనసు పేజీలో 1 నుంచి 10 దాకా స్కేలు ఉంటే మార్కులు తగ్గించండి. 6కీ 7కీ తేడా ఏమిటో పుస్తకం చెప్పదు, వారం తిరిగేసరికి రాసినవాళ్లకూ గుర్తుండదు. 'బాగుంది, ఫర్వాలేదు, బరువుగా ఉంది' లాంటి నాలుగైదు మాటలు నయం. రాసే వేళ కూడా మార్చకండి. ఒకరోజు పొద్దున, ఒకరోజు నిద్రకు ముందు రాస్తే మీ మనసు కాదు, మీ అలసట నమోదవుతుంది. మనసు ఎంత బాగుందో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన డబ్ల్యూహెచ్ఓ-5 ప్రశ్నావళి ముద్రించిన డైరీ దొరికితే వదలకండి. గత రెండు వారాల గురించి 5 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తాన్ని 4తో గుణించాలి. 50 గానీ అంతకు తక్కువ గానీ వస్తే డైరీ మూసి డాక్టరును కలవాలి. ఆధారం చెప్పకుండా సొంతంగా తయారుచేసిన 20 ప్రశ్నల 'మానసిక పరీక్షలు' ఉంటే ఆ పేజీలు చించేసినా నష్టం లేదు.

అలవాట్ల పట్టికలో చాలా వరుసలుంటాయి. రెండే నింపండి. 'వ్యాయామం' అని కాక, 'రాత్రి భోంచేసి చెయ్యి కడుక్కోగానే 10 నిమిషాల నడక' అని ముందున్న పనికి ముడివేసి రాస్తేనే గుర్తుంటుంది. కొన్ని అట్టల మీద '21 రోజుల్లో అలవాటు' అని ఉంటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఆ కాలం 18 నుంచి 254 రోజుల దాకా సాగింది, మధ్యస్థం 66. ఒకరోజు తప్పినా పెద్దగా తేడా రాలేదు. అలాంటప్పుడు గొలుసు తెగితే మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టమనే పట్టిక మనిషిని విసిగించడానికే తప్ప ఎందుకూ పనికిరాదు.

ఇక కాగితం సంగతి. మందం 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) అయితే జెల్ పెన్ను సిరా వెనక్కి కనిపిస్తుంది. 100 ఉంటే నిశ్చింత. స్పైరల్ బైండింగు బల్ల మీద పరుచుకుంటుంది. తేదీలు ముద్రించనివే తీసుకోండి, మధ్యలో వారం మానేసినా ఖాళీ పేజీలు వెక్కిరించవు.

కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించుకోవాల్సినవాళ్లకు రకాలు పెంచమనే పేజీ నేరుగా పనికిరాదు. డైటీషియన్ ఇచ్చిన జాబితాలోంచే పేర్లు మార్చుకోవాలి. ఇన్సులిన్ మోతాదు కోసం పిండిపదార్థాలు లెక్కపెట్టే మధుమేహులకు వేరే లాగ్‌బుక్ కావాలి, ఈ డైరీ దానికి బదులు కాదు.