పాలూ నెయ్యీ కాటా మీదే: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

5 కిలోల దాకా తూగే, ఒక్క గ్రాము తేడా కూడా చూపించే మామూలు డిజిటల్ కాటా. అమలాపురం బజార్లో కొన్నాను. పిండి తూచుకుందామని తెచ్చినా, ఇప్పుడు దాని మీద ఎక్కువగా కూర్చునేవి పాలు, పెరుగు, నెయ్యి.

మా కోనసీమలో పాలు లీటర్ల లెక్క, నెయ్యి ఒకచోట కిలోలు, ఇంకోచోట లీటర్లు. అత్తగారి సున్నుండల కొలత సోలల్లో ఉంటుంది. కేకు కొలతలేమో కప్పుల్లో. అమెరికా కప్పయితే సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా కప్పయితే 250. అన్నీ గ్రాముల్లోకి మార్చుకున్నాక నా వంట కుదుటపడింది.

కొనేవాళ్లకి ముందు చెప్పాల్సింది మిల్లీలీటర్ల మీట సంగతి. చాలా కాటాల్లో అది నీళ్ల లెక్క, గ్రాముకి ఒక మిల్లీలీటరు. పాలకి పెద్ద ఇబ్బంది లేదు, లీటరు పాలు దాదాపు 1030 గ్రాములు. నెయ్యి దగ్గర మాత్రం ఆ మీటని నమ్మకండి. లీటరు నెయ్యి 910 గ్రాములే తూగుతుంది. అంటే కాటా 250 అని చూపించేసరికి గిన్నెలో 275 మిల్లీలీటర్లు పడిపోయి ఉంటుంది, సున్నుండ చేతికి నిలవదు. కొనేటప్పుడూ ఇదే లెక్క: కిలోకీ లీటరుకీ ఒకే ధర చెబితే కిలోనే తీసుకోండి.

కొవ్వు నీళ్లకన్నా తేలిక. పాలలోని చక్కెర, మాంసకృత్తులు, లవణాలు నీళ్లకన్నా బరువు. గేదె పాలలో వెన్న ఎక్కువున్నా ఇవీ 9 శాతం దాకా ఉంటాయి కాబట్టి మొత్తమ్మీద బరువే పైచేయి. పాల కేంద్రంలో లాక్టోమీటరు ముంచి 28, 30 అని చదివేది దీన్నే, నీళ్ల బరువు 1 అనుకుంటే పాలది 1.028, 1.030 అని అర్థం. 25 శాతం కొవ్వున్న ప్యాకెట్ క్రీము ఇంచుమించు నీళ్లంతే తూగుతుంది. కండెన్స్‌డ్ మిల్క్ మరీ బరువు, 400 గ్రాములు పోస్తే 300 మిల్లీలీటర్ల పైన కాస్త. గడ్డ పెరుగుని కప్పుతో కొలవడం దండగ, మధ్యలో ఖాళీలుంటాయి.

నాకు బాగా నచ్చిన పని ఇంకోటుంది. ఆత్రేయపురం రేకులు తెప్పించుకుని పూతరేకులు చుట్టేటప్పుడు నెయ్యి గిన్నె కాటా మీద పెట్టి సున్నా చేస్తాను. రేకుకి రాయడానికి గిన్నె తీసి, మళ్లీ పెడితే వాడినంతా మైనస్‌లో కనబడుతుంది. కోవాకీ అంతే. బాణలి ఉత్త బరువు ముందే రాసి పెట్టుకుంటే, లీటరు గేదె పాలు 230 గ్రాముల దగ్గరికి రాగానే దింపేయొచ్చు.

ఉత్త బరువు రాసుకోమనడానికి కారణం ఉంది. కాసేపు కదలిక లేకపోతే కాటా దానంతటదే ఆరిపోతుంది, చేసుకున్న సున్నా పోతుంది. ఈ ఒక్కదానికే నాకు నిజంగా కోపం. సన్నటి ధారగా పోస్తే అంకె వెంటనే కదలదు. పైన ఫ్యాను తిరుగుతుంటే గ్రాము, రెండు గ్రాములు ఊగుతుంది. వేడి బాణలి కింద చెక్క పీట తప్పనిసరి. చెంచాడు క్రీముకి ఇది పనికిరాదు, చెంచాయే మేలు.

గాజు పలక ఉన్నదే కొనండి. నెయ్యి జిడ్డు తడిగుడ్డకే పోతుంది.